ఉతుకుడు బండ మినహా

అద్దెకు ఇల్లు చూడ్డానికి వెళ్తే ఎవరైనా ముందు అడిగేది, "ఏం పని చేస్తుంటారండి?" అని. పరుపులు కుడతామని చెప్పగానే ముఖాలు మారిపోయేవి. అప్పటిదాకా లోపలికి రండి, కూర్చోండి అన్నవాళ్లు గుమ్మంలో నిలబెట్టే మాట్లాడి పంపేసేవాళ్లు.

వాళ్లను తప్పుపట్టను. మాది దూది ఏకే ఇల్లు. దూది ఏకితే నుసి లేస్తుంది. ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని కూరలో, పక్కింటాయన మీసాల్లో కూడా అది కనపడుతుంది. మా ఆయన, మా అబ్బాయి మిషను దగ్గర ఉంటే నేనూ మా కోడలూ గలేబుల్లో దూది కూరి దబ్బనంతో కుట్లు వేస్తాం. పెళ్లిళ్ల రోజుల్లో తల దువ్వుకునే తీరిక కూడా ఉండదు.

నేను మూడో తరగతితో బడి మానేశాను. కూడబలుక్కుని చదువుతాను, నిదానంగా రాస్తాను. ఇది కూడా అలా రాసిందే. అక్షరాలు మా మనవరాలు సరిచేసింది, మాటలు మాత్రం ముట్టుకోవద్దని చెప్పాను.

రెండు వేల సంవత్సరం దాటాక తెనాలిలో పాత పెంకుటిళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపడం మొదలుపెట్టారు. మేం అద్దెకున్న ఇంటికీ ఆ వంతు వచ్చింది. ఇంటాయన మంచివాడే. "వానలు పడేలోగా ఖాళీ చేసి పెట్టండమ్మా, ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు, బిల్డరు చేతుల్లో ఉంటుంది" అని ముందుగానే చెప్పాడు. ఆ ఎండాకాలం మేం తిరగని బజారు లేదు. ఒకాయన మాత్రం దయతలిచి, "మీరు కావాలంటే ఉండండి, ఆ మిషను మాత్రం తేవద్దు" అన్నాడు. మిషను లేకుండా మేం ఏం సంపాదించి ఆయన అద్దె కట్టాలో ఆయన చెప్పలేదు.

కొనుక్కోవడం తప్ప దారి లేదని అప్పుడు తేలింది. సొంత ఇల్లు అంటే గొప్పకి కాదు. మన గోడల మధ్య మన మిషను తిప్పుకుంటే పొమ్మనేవాడు ఉండడు, అంతే. అలాంటి ఇల్లు దొరక్కపోతే మిషను అమ్మేసి కూలికి పోవాలి. మా ఆయన ఆ మాట పైకి అనేవాడు కాదు. మిషను తుడుస్తూ చాలాసేపు కూర్చునేవాడు, అందులో నాకు తెలిసిపోయేది.

దొరికిన ఇల్లు దక్షిణం వాకిలి ఇల్లు. అందుకే చాన్నాళ్లుగా ఎవరూ కొనక తాళం వేసి ఉంది, అందుకే మా స్తోమతకు అందింది. ముందు పొడుగాటి వరండా, రెండు గదులు, వెనక దొడ్లో బోరు. వరండా చూడగానే మా ఆయన దానికి అటూ ఇటూ అడుగులేసి, "మిషను ఇక్కడ, కుట్టేది అక్కడ" అన్నాడు.

"దక్షిణం వాకిలంట నాన్నా, అందరూ వద్దంటున్నారు" అన్నాడు మా అబ్బాయి.

"నమాజుకి పడమర ఎటో తెలిస్తే చాలు మనకి. వాకిలి ఎటుంటే ఏంటి, కాళ్లు లోపలికి పోతాయా లేదా చూడు" అన్నాడు మా ఆయన.

ఇల్లుగలాయన బడిపంతులుగా చేసి రిటైరై బాపట్లలో ఉంటున్నాడు. అందరూ మాస్టారు అనేవాళ్లు. ఆయన వచ్చి ధర మాట్లాడి, "కాగితాలన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఎప్పుడంటే అప్పుడు రిజిస్ట్రేషను" అన్నాడు. మా అబ్బాయి వెంటనే అడ్వాన్సు ఇచ్చేద్దామని తొందరపడ్డాడు. నేను ఒప్పుకోలేదు. పాత పరుపు ఏకమని ఎవరైనా తెస్తే ముందు ఒక మూల కుట్టు విప్పి చూస్తాం, లోపలున్నది దూదో గుడ్డపీలికలో. చూడకుండా చెయ్యి వేస్తే తర్వాత మాట మనమీదికే వస్తుంది. ఇల్లు మాత్రం చూడకుండా ఎలా కొంటాం?

మా దగ్గర పరుపు కుట్టించుకున్న లాయరమ్మ ఒకావిడ ఉంది. చిన్న వయసు. ఈ పిల్లకి ఏం తెలుస్తుందిలే అనే వెళ్లాను, ఫీజు తక్కువ అడుగుతుందని. ఆవిడ ముందు మజ్జిగ ఇప్పించి, తర్వాత ఏమేం తేవాలో చెప్పింది. మాస్టారు కొన్నప్పటి అసలు దస్తావేజు. ఆయనకు అమ్మినవాళ్లు అంతకుముందు కొన్న దస్తావేజు, దాన్ని లింకు డాక్యుమెంటు అంటారు. ఇంటిపన్ను రసీదులు. ఇవి కాక రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టి ఈసీ తీయించాలి.

"ఈసీ అంటే ఏంటమ్మా?" అన్నాను.

"ఆ ఇంటిని ఎవరికైనా అమ్మారా, తాకట్టు పెట్టారా, దానం రాశారా, ఆఫీసులో రిజిస్టరైనవన్నీ అందులో వస్తాయండి. రిజిస్టరు కానివి మాత్రం రావు."

ఆ చివరి మాట నేను అప్పుడు పట్టించుకోలేదు. ఆవిడ మాత్రం పట్టించుకుంది.

కాగితాలన్నీ వచ్చాయి. మాస్టారు చెప్పినట్టే శుభ్రంగా ఉన్నాయి. ఈసీలో తాకట్లేం లేవు. మా అబ్బాయి నావైపు చూసి, "చూశావా, ఊరికే ఆలస్యం చేశావు" అన్నాడు. లాయరమ్మ దస్తావేజు మూసి, "ఇప్పుడు నేల కొలవాలి" అంది. "కాగితంలో రాసిన కొలతలు, నాలుగు హద్దులు నేలమీద ఉన్నాయో లేదో చూడకుండా అగ్రిమెంటు రాయను."

కొలిచే మనిషికి డబ్బులివ్వాలంటే నాకు ప్రాణం ఒప్పలేదు. అయినా ఇచ్చాను. టేపు రెండో కొస నేనే పట్టుకున్నాను, ఇంకో మనిషికి కూలి ఇవ్వక్కర్లేకుండా.

కాగితం మీద ఆ స్థలం నాలుగు పలకలుగా, పెట్టెలా ఉంది. నేలమీద అలా లేదు. వెనక ఈశాన్యం మూల తూర్పు పక్కింట్లోకి పొడుచుకుపోయింది. ముందువైపు ఆగ్నేయంలో పక్కింటివాళ్ల డాబా మెట్లు మన స్థలంలోకి వచ్చి కూర్చున్నాయి. ఆ కొలిచే ఆయన రెండుసార్లు టేపు లాగి, తల గోక్కుని, "అమ్మా, కాగితం ప్రకారం మీ బోరు మీది కాదు. వాళ్ల మెట్లు వాళ్లవి కావు" అన్నాడు.

పక్కింట్లో ఉండే అబ్బాయి గోడ మీదినుంచి చూస్తున్నాడు. అబ్బాయంటే పెళ్లై పిల్లలున్నవాడే. "మా నాన్న, మాస్టారు కలిసి ఆ స్థలం మార్చుకున్నారండి. నా చిన్నప్పుడు" అన్నాడు, అదేదో ఊరందరికీ తెలిసిన సంగతైనట్టు.

జరిగింది ఇది. మాస్టారికి కొన్న కొత్తలో ఏవో చిక్కులొచ్చాయి. వాస్తు చూసే ఆయన వచ్చి, దక్షిణం వాకిలికి విరుగుడుగా ఈశాన్యం పెంచుకోవాలి, అందులో నీళ్లు పడాలి అన్నాడు. పక్కింటి పెద్దాయనకు వాస్తు పట్టింపు లేదు, డాబా మెట్లకు ముందువైపు చోటు కావాలి. వరండాలో కూర్చుని టీ తాగుతూ ఇద్దరూ మాట్లాడుకున్నారు. వెనక ఒక ముక్క ఈయన తీసుకున్నాడు, ముందు ఒక ముక్క ఆయన తీసుకున్నాడు. కొత్త గోడ కట్టారు. కాగితం అనుకోలేదు. ఇద్దరూ మర్యాదస్తులే, మాట మీద నిలబడ్డారు కూడా. పెద్దాయన పోయేదాకా ఏ గొడవా లేదు.

లాయరమ్మకి చెప్తే ఆవిడ అదిరిపడలేదు. "ఇటువైపు ఇది మామూలేనండి. వాస్తు కోసం స్థలాలు మార్చుకుంటారు, రాసుకోరు" అంది. "కానీ నోటిమాటతో గోడ మారుతుంది, హక్కు మారదు. మాస్టారు మీకు అమ్మగలిగింది కాగితంలో ఉన్నదే. రేపు పక్కింటివాళ్లు బోరు మాదంటే మీ దగ్గర ఏముంది చూపించడానికి?"

"అయితే ఏం చెయ్యాలి?"

"ముందు మాస్టారు, పక్కింటివాళ్లు మార్పిడి దస్తావేజు రాసుకుని రిజిస్టరు చేయించుకోవాలి. వెనక ముక్క వీళ్లది, ముందు ముక్క వాళ్లది అని. ఆ తర్వాత మాస్టారు మీకు అమ్మాలి."

"ఆ ఖర్చెవరిది?"

"మీది కాదు."

"అయితే మంచి పద్ధతే" అన్నాను.

మా ఆయన మాత్రం నవ్వలేదు. నీళ్లు లేని ఇల్లు ఎందుకు? మార్పిడి జరక్కపోతే ఈ ఇల్లు లేదు. అప్పటికే ఎండలు ముదిరిపోయాయి, ఆకాశంలో అక్కడక్కడా మబ్బు కనపడుతోంది.

పక్కింటి అబ్బాయిని అడిగితే, "ఇల్లు మా అమ్మ పేరున ఉందండి. కొన్నప్పుడే నాన్న అమ్మ పేరున రాయించాడు. సంతకం అమ్మే పెట్టాలి. అమ్మ రేపల్లెలో మా అక్క దగ్గరుంటుంది" అన్నాడు. కాసేపాగి, "ఆవిడ పెట్టదు. ముందే చెప్తున్నాను" అన్నాడు.

"ఎందుకు పెట్టదు బాబూ?"

"నేనడిగితే తిడుతుంది. మీరు వెళ్లి అడగండి, మిమ్మల్ని తిట్టదేమో."

నేనూ మా ఆయనా రేపల్లె పాసింజరు ఎక్కాం. బస్సు కన్నా అదే చవక. స్టేషను బయట బండి మీద కొల్లూరు అరటిపళ్లు అమ్ముతుంటే మా ఆయన డజను పళ్లున్న పెద్ద హస్తం చూపించాడు. నేను చిన్నది తీసుకున్నాను.

ఆవిడ వసారాలో పీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బక్కపలచటి మనిషి, చూపు మాత్రం సూదిలా ఉంది. మేం ఎవరమో, ఎందుకొచ్చామో చెప్పాం. అరటిపళ్లు పక్కన పెట్టాం. ఆవిడ గింజ తీయడం ఆపలేదు.

"మీకెందుకమ్మా ఈ తిరుగుడు? ఇల్లు అమ్మేది మాస్టారు. మాస్టారుకి కాళ్లు లేవా?"

"ఇల్లు కావాల్సింది మాకండీ, అమ్మగారూ."

"కావాల్సినవాళ్లే తిరగాలి, అంతేలే." గింజ ఒకటి గిన్నెలో పడేసింది. "ఆ ముక్క మార్చుకున్నప్పుడు నన్ను ఎవరైనా అడిగారా? ఇల్లు నా పేరున ఉంది. నేను లోపల టీ పెడుతున్నాను. టీ తెచ్చి ఇచ్చేసరికి వాళ్లు మాట్లాడేసుకున్నారు. మర్నాడు పొద్దున మేస్త్రీ వచ్చి గోడకి ముగ్గు పోస్తున్నాడు."

"మెట్లకి చోటొచ్చింది కదండీ మీకు" అన్నాడు మా ఆయన మెల్లగా.

"మెట్లు నేనెక్కుతానా నాయనా? వెనక మూలలో నా ఉతుకుడు బండ ఉంది. మా పుట్టింటివాళ్లు బండి మీద వేయించి పంపిన బండ. నల్లగా, నున్నగా, మోకాలెత్తున. ఆ గోడ కట్టేసరికి అది అటువైపుకి పోయింది. ఇటువైపు ఇక చోటెక్కడ? అప్పట్నించి మెట్ల కింద, బజారు ముందు కూర్చుని బట్టలుతికాను. పోయేవాడూ వచ్చేవాడూ చూస్తుంటే. ఏనాడైనా ఒక్కరన్నా అయ్యో అన్నారా?"

లోపల్నించి వాళ్లమ్మాయి మంచినీళ్లు తెచ్చి ఇచ్చి మళ్లీ లోపలికి పోయింది.

"సంతకం పెట్టనని కాదు" అంది ఆవిడ. "అడగాల్సినవాళ్లు వచ్చి అడగాలి. మా ఆయన ఎలాగూ లేడు. ఆ మాస్టారు వచ్చి, నా ముందు నిలబడి అడగమను. అప్పుడు చూస్తాను." తర్వాత నావైపు తిరిగి, "ఇంతకీ ఎవరి పేరున కొంటున్నారు మీరు?" అంది.

"మా అబ్బాయి పేరున."

ఆవిడ నవ్వింది. వెటకారం నవ్వే. "బాగుంది. నా పేరున ఉంటేనే ఇలా జరిగింది. నీ పేరున లేకపోతే ఇంకెంత బాగుంటుందో చూసుకో."

తిరుగు రైల్లో భట్టిప్రోలు దాటాక మా ఆయన, "ఆవిడ అన్నది నిజమేనే" అన్నాడు. ఏది నిజమో అడగలేదు నేను. ఆయనా చెప్పలేదు.

ఆ వారంలోనే బాపట్ల వెళ్లాం. మాస్టారు పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. సంగతంతా విని, పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేనేం ఊరికే తీసుకోలేదమ్మా. ఇచ్చిపుచ్చుకున్నాం. కాగితం లేకపోయినా ఇన్నేళ్లు మాట తప్పానా? ఇప్పుడు నేను రేపల్లె వెళ్లి ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడాలా? లాయరుకి నా మాట మీద నమ్మకం లేదా?"

"మీ మాట మీద నాకు నమ్మకం ఉంది మాస్టారూ. మీరున్నన్నాళ్లు ఉంటుంది. ఇల్లు మీకన్నా ఎక్కువ కాలం ఉంటుంది కదా."

మా ఆయన నా మోచేయి పట్టుకుని లాగాడు. ఆపడానికి.

"ఉతుకుడు బండ సంగతి తెలుసా మీకు?" అన్నాను.

"బండా? ఏం బండ?"

"మీ బోరు పక్కనున్న నల్ల బండ. అది ఆవిడ పుట్టింటి బండ. మీ గోడ కట్టాక ఆవిడ బజారులో కూర్చుని బట్టలుతికింది."

మాస్టారు ఒళ్లోని పేపరు తీసి పక్కన పెట్టాడు. తర్వాత, "ఆ బండ ఇంటితో పాటు వచ్చిందనుకున్నాను" అన్నాడు. లోపలికి తిరిగి, "ఏమేవ్, బోరు పక్క బండ ఎవరిదో నీకు తెలుసా?" అని కేకేశాడు.

"పక్కింటావిడది" అని లోపల్నించి జవాబొచ్చింది. "ఆవిడ ఉతుక్కోవడం నేను చూస్తూనే ఉన్నా రోజూ. మీరడిగితేగా చెప్పడానికి."

మాస్టారు లేచి చొక్కా వేసుకోవడానికి లోపలికి పోయాడు. "ఈరోజు రేపల్లె వెళ్లొస్తే రాత్రవుతుంది. రేపు పొద్దున తెనాలి స్టేషన్లో కలుద్దాం" అన్నాడు బయటికొచ్చి. మరి చొక్కా ఎందుకు వేసుకున్నాడా అనుకున్నాను. మమ్మల్ని స్టేషనుదాకా దిగబెట్టి వెళ్లాడు.

మర్నాడు మేమందరం రేపల్లె వెళ్లాం. మమ్మల్ని చూడగానే ఆవిడ కుర్చీ వేయమని వాళ్లమ్మాయికి చెప్పింది, మాస్టారు మాత్రం కూర్చోలేదు.

"ఏంటి మాస్టారూ, ఇన్నాళ్లకి గుర్తొచ్చానా?"

"చెల్లెమ్మా, ఆ రోజు అడగాల్సింది మిమ్మల్ని. మీ ఆయన్ని అడిగితే చాలనుకున్నాను. తప్పే. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ వెనక ముక్క నాకిచ్చి, ముందు ముక్క మీరు తీసుకోవడం మీకు ఇష్టమేనా?"

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇష్టమనలేదు, కాదనలేదు. "ఆలోచించి చెప్తాను, కాఫీ తాగండి" అంది. కాఫీ వచ్చింది, అయిపోయింది కూడా. గ్లాసులు లోపలికెళ్లాక ఆవిడ గొంతు సవరించుకుంది.

"పెడతాను. ఒక షరతు. ఆ బండ మీద బట్టలుతుక్కునే హక్కు మా ఇంటికి ఉండాలి. మా కోడలు వెనక తలుపులోంచి వచ్చి ఉతుక్కుపోవాలి. అది కాగితంలో రాయాలి."

మాస్టారు ఒప్పేసుకునేలా ఉన్నాడు. ఇల్లు ఆయన చేతుల్లోంచి పోతోంది, ఆయనకేం? నేను లేచి నిలబడ్డాను.

"అది కుదరదండీ."

మా ఆయన కళ్లు మూసుకున్నాడు. ఇంతదాకా వచ్చాక చెడగొట్టేస్తున్నానని.

"కాగితంలో రాస్తే మా దొడ్లోకి దారి మీకు శాశ్వతంగా ఉన్నట్టే. ఇవాళ మీ కోడలు వస్తుంది, మంచిదే. రేపు మీ ఇల్లు ఎవరు కొంటారో, వాళ్లెవరో మా దొడ్లోకి వస్తామంటారు. రాయకుండా నోటిమాటగా ఇస్తానంటే, మళ్లీ ఈ గొడవే మా మనవలకి వస్తుంది. రెండూ వద్దు."

"అయితే సంతకం కూడా వద్దు" అంది ఆవిడ.

"మీకు కావాల్సింది మా దొడ్డా, మీ బండా?"

ఆవిడ కొంగు భుజం మీద సర్దుకుంది.

"బండ మీది. మీరు తీసుకుపోండి. ఇక్కడ వేయించుకోండి, మీ అమ్మాయి దొడ్లో. చోటుందా?"

వాళ్లమ్మాయి లోపలినుంచి, "బావి పక్కన బోలెడు చోటుంది" అంది, ఎవరూ అడక్కుండానే.

"అంత బండ మోయించి ఇక్కడిదాకా ఎవరు తెస్తారు?" అంది ఆవిడ. గొంతులో ఇప్పుడు పట్టుదల తక్కువ, ఆశ ఎక్కువ ఉంది.

"నేను తెప్పిస్తాను" అన్నాడు మాస్టారు. కూర్చున్నాడు కూడా, అప్పటికి.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "గట్టి దానివే నువ్వు. నా పక్కింట్లో ఆ రోజుల్లో నువ్వుండి ఉంటే ఆ గోడ లేచేది కాదు" అంది. అరటిపళ్లు ఈసారి పెద్ద హస్తమే తెచ్చాం. అందులోంచి రెండు తీసి నా చేతిలో పెట్టింది.

తెనాలి వచ్చాక లాయరమ్మ రెండు దస్తావేజులూ రాయించింది. అచ్చు వేయకముందు ప్రతి మాటా చదివి వినిపించమన్నాను. హద్దులు, కొలతలు అన్నీ సరిగ్గా కొత్త గోడ ప్రకారం వచ్చాయి. మా అమ్మకం దస్తావేజులో, ఇల్లు, వరండా, బోరు, అందులో ఉన్న సమస్తం కొనేవారికి చెందును అనే చోట ఆపించాను.

"సమస్తం అంటే బండ కూడానా?"

లాయరమ్మ నవ్వింది. "మీరు ఇచ్చేస్తున్నారు కదమ్మా. బండని కూడా రిజిస్టరు చేయించాలా?"

"రాయండి. ఉతుకుడు బండ మినహా అని."

"ఇప్పటిదాకా ఎవరూ ఇలా రాయించలేదండి."

"ఇప్పటిదాకా ఎవరూ ఏదీ రాయించకే కదమ్మా మనం రైళ్లెక్కి తిరిగింది."

రాసింది. ఇంకో మార్పు కూడా చెప్పాను. కొనేవాళ్ల దగ్గర మా అబ్బాయి పేరు తీసేసి మా ఆయన పేరు, నా పేరు రాయమన్నాను. మా అబ్బాయి ముఖం చూశాను. వాడు కాసేపు గోడ గడియారం వైపు చూసి, "మంచిదే అమ్మా, ఈ సంతకాలు, తిరుగుళ్లు నీకే బాగా వచ్చు" అన్నాడు.

"నన్నడగవా మరి?" అన్నాడు మా ఆయన.

"ఇప్పుడు అడుగుతున్నా. ఇష్టమేనా?"

"కాఫీ ఇప్పించి అడుగు, ఆలోచించి చెప్తాను" అన్నాడు. లాయరమ్మకి అర్థం కాలేదు. మేం నవ్వుకున్నాం.

రిజిస్ట్రేషనుకి ముందురోజు మాస్టారు మనుషుల్ని పెట్టి బండని లేపించాడు. కింద మట్టి చల్లగా, తేమగా ఉంది. ట్రాలీ ఆటో మీదికి ఎక్కిస్తుంటే పక్కింటి కోడలు మెట్ల మీద నిలబడి చూసింది. మాస్టారు దగ్గరుండి తాళ్లు కట్టించి, తనే డ్రైవరు పక్కన కూర్చుని రేపల్లె వెళ్లాడు. అక్కణ్నించి పెద్దావిడ కూతురు ఫోను చేసి చెప్పింది, బావి పక్కన వేశారనీ, వాళ్లమ్మ అప్పుడే దాని మీద ఒక తువ్వాలు ఉతికిందనీ.

మర్నాడు రిజిస్ట్రార్ ఆఫీసు జాతరలా ఉంది. బల్లలన్నీ నిండిపోయి జనం మెట్ల మీద కూడా కూర్చున్నారు. బయట మబ్బు పట్టి గాలి తిరిగింది. చలానాలు కట్టాం, ఫొటోలు అంటించాం, సాక్షుల్ని కూర్చోబెట్టాం. ఆవిడ రేపల్లె నుంచి వాళ్లబ్బాయితో వచ్చింది, ఇస్త్రీ చీర కట్టుకుని. నా పక్కనే కూర్చుని, "వేలిముద్రలకి నూనె రాసుకురావద్దంటారు, నిజమేనా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను.

ముందు మార్పిడి దస్తావేజు వంతు. ఆవిడ, మాస్టారు లోపలికెళ్తే మేం తలుపు దగ్గర నిలబడ్డాం. రిజిస్ట్రారు దస్తావేజు తిరగేసి, తలెత్తకుండా, అందర్నీ అడిగినట్టే అడిగాడు. "ఈ దస్తావేజు మీరే రాసిస్తున్నారా? ఇష్టపూర్వకంగానేనా?"

ఆవిడ జవాబు చెప్పలేదు. రిజిస్ట్రారు తలెత్తి చూశాడు. మాస్టారు ముందుకు వంగాడు.

"ఇంకోసారి అడగండి బాబూ" అంది ఆవిడ.

ఆయనకి ఏమనుకోవాలో తెలియలేదు. వెనక వరస పొడుగ్గా ఉంది, గుమాస్తా విసుక్కుంటున్నాడు. అయినా ఆయన కళ్లజోడు సవరించుకుని, ఈసారి ఆవిడ ముఖంలోకి చూసి, నిదానంగా అడిగాడు. "అమ్మా, ఇది మీకు ఇష్టమేనా?"

"ఇష్టమే" అంది, హాలంతా వినపడేలా. కలం తీసుకుని సంతకం పెట్టింది. తొందరపడలేదు, అక్షరం అక్షరం దిద్దింది. తర్వాత బొటనవేలు చాపింది.

బయటికొచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుని, సిరా అంటిన వేలు చూసుకుంటూ, "ఇక మీ వంతు" అంది.

గుమాస్తా తలుపు దగ్గరికొచ్చి మా దస్తావేజు నెంబరు చదివాడు. "కొనేవాళ్లు ఎవరండీ?" అన్నాడు.

మా ఆయన నావైపు చూశాడు. నేను లేచాను.